పరుల సందేశాలు: అమెరికన్ వృత్తి ఫుట్‌బాల్ జట్ల మీద పేరడీ సంవాదాల చరిత్ర

పేరడీ అనగానే తెలుగు పాఠకునికి జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గుర్తుకు వస్తారు. జరుక్ శాస్త్రి పేరడీలలో అనుకరణకు లోనైనది కవి శైలి. ఆ శైలికీ, అందులో ఇమిడ్చిన అల్ప విషయానికీ మధ్య ఉన్న ఎడంలో నవ్వు పుడుతుంది. మూలకవిత తెలియని వానికి ఆ పేరడీ సగమే అందుతుంది. ఈ వ్యాసంలో పరిశీలనకు తీసుకొన్నది దానికి దాయాది వరుస అయ్యే మరొక ప్రక్రియ. దీనికి మూలగ్రంథమంటూ ఉండదు. ఒక వృత్తిక్రీడాజట్టులోని నిజమైన మనుషులు, అంటే ఆటగాళ్లు, శిక్షకుడు, యజమాని, తమలో తాము ఫోనులో రాసుకొన్నట్టుగా ఒక అభిమాని సంవాదాన్ని కల్పిస్తాడు. ఎవరికీ చూపకూడని మాటలు ఎవరి కంటనో పడ్డట్టు దానిని లోకం ముందు పెడతాడు. మూలం ఎక్కడో ఉండే ఉంటుందనీ, అది తన దాకా రాలేదనీ పాఠకునికి కలిగే అనుమానమే ఈ అనుకరణకు ఆధారం.

ఇక్కడ ఫుట్‌బాల్ అన్న మాటకు ఒక వివరణ అవసరం. హైదరాబాదు వారికి ఆ మాట వినగానే రహీమ్ సాహెబ్ శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించిన భారత జట్టు గుర్తుకు రావడం సహజం. ప్రస్తుత విషయం ఆ ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తే, చేతితో విసిరే అమెరికన్ ఫుట్‌బాల్. దాని వృత్తి సంస్థ అయిన జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లున్నాయి. ఈ పేరడీ సంవాదాలు మిగిలిన ఆటలలోనూ ఉన్నా, ఈ లీగ్ చుట్టూ అవి ఇంత దట్టంగా అల్లుకోవడానికి ఆ ఆట స్వభావంలోనే కారణముంది.

అమెరికన్ ఫుట్‌బాల్ రహస్యం మీద బతికే ఆట. ప్రతి ఎత్తుగడా ముందే గీసి, పేరు పెట్టి, బొత్తిగా కట్టి ఆటగాళ్లకు అందిస్తారు. ఆ బొత్తి పరుల చేతికి చిక్కరాదు. శిక్షకుడు పక్కగీత దగ్గర నిలబడి మాట్లాడేటప్పుడు పెదవుల కదలిక కెమెరాకు దొరకకుండా కాగితం అడ్డుపెట్టుకొంటాడు. గాయాల వివరాలను జట్లు బయటపెట్టక తప్పదు గనుక, వీలైనంత పొడి మాటలలో చెబుతాయి. ఈ రహస్యప్రియత్వానికి పరాకాష్ఠ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మాజీ శిక్షకుడు బిల్ బెలిచిక్. 2014 సెప్టెంబరు 29న ఆయన జట్టు కాన్సాస్ సిటీ చేతిలో 41-14 తేడాతో ఓడింది. ఆ తరువాత విలేఖరులు ఏమడిగినా, తమ దృష్టి తరువాతి ప్రత్యర్థి అయిన సిన్సినాటి మీదనే ఉందన్న ఒక్క ముక్కనే ఆయన తిప్పి తిప్పి చెప్పాడు. బహిరంగవేదిక మీద మాట ఇంతగా ఎండిపోయినప్పుడు, తలుపు వేసుకొన్నాక ఈ మనిషి ఏం మాట్లాడతాడన్న కుతూహలం పుట్టక మానదు. పేరడీకారుడు పూరించేది ఆ ఖాళీనే. ధారాళంగా మాట్లాడే శిక్షకుని మీద ఇటువంటి సంవాదం రాయడం కష్టం. ఊహకు అతడు ఏమీ మిగల్చడు.

పరుల ఉత్తరాల పూర్వరంగం

ఇతరుల ఉత్తరాలు తమ చేతికి చిక్కినట్టు నటించడం పాత ఎత్తుగడ. 1515లోనూ 1517లోనూ జర్మనీలో రెండు భాగాలుగా వెలువడిన 'అనామకుల లేఖలు' దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. హీబ్రూ పండితుడు రాయ్ష్‌లిన్‌ను వేధిస్తున్న కొలోన్ మతపండితుల పక్షంవారే తమ నాయకుడు ఆర్ట్విన్ గ్రేషియస్‌కు రాసుకొన్నట్టుగా, మొరటు లాటిన్‌లో కూర్చిన ఉత్తరాలవి. క్రోటస్ రుబియానస్, ఉల్రిష్ ఫాన్ హుట్టెన్ వంటి రాయ్ష్‌లిన్ పక్షపాతులు వాటిని రాశారు. పండితులు హాస్యమని నవ్వుకొంటే, పామరులు నిజమనుకొని మెచ్చుకొంటున్నారని థామస్ మోర్ 1516లో ఎరాస్మస్‌కు రాసిన ఉత్తరంలో చమత్కరించాడు. ఐదు శతాబ్దాల తరువాత ఫోను తెర మీది పేరడీకి ఎదురైన చిక్కు కూడా ఇదే.

ఈ ఎత్తుగడను వృత్తిక్రీడాజట్టు మీదికి తెచ్చి సాహిత్యస్థాయి కల్పించినవాడు రింగ్ లార్డ్‌నర్ (1885-1933). ఆయన షికాగో పత్రికలలో బేస్‌బాల్ విలేఖరి. జట్టుతో రైళ్లలో తిరిగి, ఆటగాళ్ల మాటతీరును చెవిలో దాచుకొన్నవాడు. 1914 మార్చిలో 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్' వారపత్రికలో జాక్ కీఫ్ అనే బౌలరు ఉత్తరాలు మొదలుపెట్టాడు (బేస్‌బాల్‌లో బంతి విసిరేవానిని మన బౌలరుతో పోల్చడం అంత సరికాకపోయినా తెలుగు పాఠకునికి అది దగ్గరి మాట). కీఫ్ పల్లెటూరి నుంచి షికాగో వైట్ సాక్స్ జట్టుకు వచ్చిన కల్పితపాత్ర. ఇండియానాలోని బెడ్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితుడు ఆల్‌కు తన ఘనకార్యాలు రాస్తుంటాడు. అతడు కల్పితుడే గాని, చుట్టూ ఉన్న జట్టు నిజం. యజమాని చార్లెస్ కొమిస్కీ, మేనేజరు కాలహన్, శిక్షకుడు కిడ్ గ్లీసన్ తమ అసలు పేర్లతోనే కథలో తిరుగుతారు. ప్రత్యర్థి జట్టు నుంచి టై కాబ్ వచ్చి కీఫ్‌ను చిత్తు చేసి పోతాడు. ఈ కథలు 1916లో పుస్తకంగా వచ్చాయి.

కీఫ్ రాసే ప్రతి వాక్యంలోనూ అక్షరదోషాలుంటాయి. ఓడిన ప్రతి ఆటకూ ఒక సాకు ఉంటుంది: చెయ్యి నొప్పి, తోటివాడి తప్పు, గాలివాటం. జీతం బేరంలో యజమానిని తానే దెబ్బ కొట్టానని రాస్తాడు. దెబ్బ తిన్నది తానని పాఠకునికి ఆ ఉత్తరంలోనే తెలిసిపోతుంది. గిరీశం తెలివి లేకుండా గిరీశం కోతలు కోసే మనిషి అనుకోవచ్చు. ఆల్ ఇచ్చిన జవాబులు ఎక్కడా కనిపించవు. అవి ఎంత ఓపికతో రాసినవో కీఫ్ తరువాతి ఉత్తరాన్ని బట్టి ఊహించుకోవలసిందే. చెప్పేవాడు చెప్పదలచుకోనిది అతని మాటలలో నుంచే బయటపడడం అన్న ఒక్క సూత్రం మీద లార్డ్‌నర్ పుస్తకమంతా నిలబడింది. బేస్‌బాల్ పరిచయం లేని వర్జీనియా ఉల్ఫ్ 1925లో అమెరికన్ కథాసాహిత్యం మీద రాసిన వ్యాసంలో ఈ పుస్తకాన్ని మెచ్చుకోవడానికి కారణం అదే కావాలి. ఓక్ పార్క్ ఉన్నత పాఠశాల పత్రికలో లార్డ్‌నర్ ధోరణిని అనుకరిస్తూ రాసిన కుర్రవాళ్లలో ఒకడు అర్నెస్ట్ హెమింగ్వే.

లార్డ్‌నర్ కథలు రచయిత పేరుతో, కథలుగానే అచ్చయ్యాయి. అవి ఎవరో దొంగిలించిన ఉత్తరాలని భ్రమపడే అవకాశం పాఠకునికి లేదు. జట్టు లోపలి మాట మాత్రం ఆ తరువాత వేరే రూపంలో బయటపడింది. 1919 ప్రపంచ సిరీస్‌లో వైట్ సాక్స్ ఆటగాళ్లు ఎనిమిదిమంది జూదరులతో కుమ్మక్కై సిన్సినాటికి ఆటను అప్పగించారన్న ఆరోపణ వచ్చింది. 1921 ఆగస్టులో న్యాయస్థానం వారిని నిర్దోషులని విడిచిపెట్టినా, కమిషనరు లాండిస్ జీవితాంతం బహిష్కరించాడు. అప్పటి మేనేజరు లార్డ్‌నర్ కథలలోని కిడ్ గ్లీసనే. ఆ సిరీస్ నడుస్తుండగానే లార్డ్‌నర్ అప్పటి 'బుడగలు' పాటకు పేరడీ కట్టి, ఆటగాళ్లకు వినబడేటట్టు రైలులో పాడాడని ఆయన జీవితకథలలో చెబుతారు. (ఆ బుడగల పాటే లండన్‌లోని వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ అభిమానుల జట్టుగీతం కావడం మరొక కథ.) కీఫ్ ఉత్తరాలలో జట్టు గుట్టు అంటే ఒక పల్లెటూరివాని బడాయి. 1919 తరువాత జట్టు గుట్టు అనే మాటకు ఆ అమాయకత్వం మిగలలేదు.

భారతదేశంలో ఈ ప్రక్రియకు దగ్గరగా వచ్చిన ఘట్టం 2009 నాటిది. ఎన్నికల కారణంగా దక్షిణాఫ్రికాకు తరలిన ఆ యేటి ఐపీఎల్ క్రికెట్‌ను తెలుగువారు గుర్తుంచుకొన్నది, బెంగళూరు జట్టును 6 పరుగుల తేడాతో ఓడించి హైదరాబాదు డెక్కన్ ఛార్జర్స్ కప్పు గెలిచినందుకు. అదే సీజనులో కోల్‌కతా నైట్ రైడర్స్ జట్టులోని ఆటగాడినని చెప్పుకొంటూ ఒక అజ్ఞాత రచయిత, తోటివారికి మారుపేర్లు పెట్టి, లోపలి ముచ్చట్లు రోజూ రాశాడు. జట్టు పట్టికలో అడుగున పడి ఉండడం వల్ల ఆ రాతలు మరింత నమ్మదగినవిగా కనిపించాయి. అతడెవరన్న ఊహాగానం ఆటను మించిన ఆటగా నడిచింది. 2010లో అతడే బయటపడ్డాడు. ఆటగాడు కాదు, జట్టుతో సంబంధం లేని మార్కెటింగ్ ఉద్యోగి. మోర్ చెప్పిన పామరపాఠకుల వరుసలో ఈసారి పత్రికలు కూడా నిలబడ్డాయి.

ఉత్తరం సందేశంగా మారిన తీరు

ట్విట్టర్ 2006లో మొదలైంది. అందులో అందరూ చూసే ప్రకటనతో పాటు ఇద్దరి మధ్య మాత్రమే నడిచే వ్యక్తిగత సందేశ సౌకర్యం ఉండేది. 2015 ఆగస్టు వరకు ఆ సందేశానికీ 140 అక్షరాల హద్దు ఉండేది. 2011 అక్టోబరులో ఆపిల్ ఫోన్లలోకి వచ్చిన సందేశ వ్యవస్థ నీలి, బూడిదరంగు బుడగలను కోట్లమందికి అలవాటు చేసింది. ఎవరి ఫోను చూస్తున్నామో వారి మాటలు కుడివైపు, ఎదుటివారివి ఎడమవైపు. ఈ చిన్న ఏర్పాటు పేరడీకారునికి పెద్ద వరం. ఉత్తరం చదివేవాడు ఉత్తరం అందుకొన్నవాని స్థానంలో ఉంటాడు. తెర పటం చూసేవాడు మాత్రం ఒక పాత్ర ఫోనును చేతబట్టుకొని ఉంటాడు. శిక్షకుని ఫోనా, ఆటగాని ఫోనా అన్నదానిని బట్టి అదే సంవాదం భయంగానో, విసుగుగానో మారుతుంది.

దీని తయారీలో పెద్ద విద్య లేదు. స్నేహితుని నంబరును తన ఫోనులో శిక్షకుని పేరుతో దాచుకొని, అతనితో రాయించుకొని, తెర పటం తీసుకొంటే చాలు. ఆ పని చేసిపెట్టే పరికరాలు కూడా ఉన్నాయి. విద్య అంతా రాతలోనే. ఏ జట్టుకూ చెందని చిన్న నమూనా ఒకటి దాని పనితీరును చూపగలదు:

కొత్త ఆటగాడు: గెలిచాం సార్!!
శిక్షకుడు: సరే.
కొత్త ఆటగాడు: ఇవాళ నా పుట్టినరోజు కూడా సార్
(చదివారు, రాత్రి 9:12)
శిక్షకుడు, తెల్లవారుజామున 2:47: మూడో క్వార్టరు. రెండో డౌను. ఎడమకాలు.

ఇందులో హాస్యం మాటలలో కన్నా వాటి మధ్య గడియారంలో ఉంది. చదివినట్టు గుర్తు పడి, జవాబు రాని ఐదున్నర గంటలు లార్డ్‌నర్‌కు అందని సాధనం. అవతలివారు ఏదో రాస్తున్నారని తెలిపే మూడు చుక్కలు కనిపించి మాయమవడం, ఫోనులో యజమాని పేరు ఎలా దాచుకొన్నారన్నది, పొరపాటున పంపి తుడిచేసిన సందేశం మిగిల్చిన జాడ, ఇవన్నీ ఈ ప్రక్రియలో రంగస్థల సూచనల పని చేస్తాయి. కీఫ్ అక్షరదోషాల స్థానాన్ని విరామచిహ్నాలు ఆక్రమించాయి. చివర చుక్క పెట్టే శిక్షకుడు కఠినుడు. చుక్క పెట్టని కుర్రవాడు లేతవాడు. అసలు మనిషి అలాగే రాస్తాడా అన్నది అనవసరం. అభిమాని ఊహలోని మనిషి అలా రాయాలి, అంతే.

ఈ రూపం ఫుట్‌బాల్ చుట్టూ ఎంత దూరం పోగలదో 2017 జులైలో వెలువడిన జాన్ బోయిస్ '17776' చూపింది. అందులో మాట్లాడుకొనేవి మూడు అంతరిక్ష నౌకలు. వేల సంవత్సరాల తరువాత, చావు లేని మనుషులు అమెరికా అంతటా ఆడుతున్న ఫుట్‌బాల్‌ను చూస్తూ, రంగురంగుల అక్షరాలలో ఒకదానికొకటి సందేశాలు పంపుకొంటాయి. అది పేరడీ హద్దు దాటిన రచన. ఏ నిజమైన మనిషి నోటా మాట పెట్టవలసిన అవసరం దానికి కలగలేదు.

రెండు నివేదికలు

పేరడీ సంవాదాలకు అసలు మూలం లేదన్న మాట 2014 వరకే చెల్లుతుంది. రెండేళ్ల వ్యవధిలో వెలువడిన రెండు విచారణ నివేదికలు జట్ల లోపలి సందేశాలను యథాతథంగా అచ్చువేశాయి. రెండింటినీ న్యాయవాది టెడ్ వెల్స్ బృందమే తయారుచేసింది.

మొదటిది మయామి డాల్ఫిన్స్‌కు సంబంధించినది. 2013 అక్టోబరు 28న భోజనశాలలో జరిగిన ఒక పరిహాసం తరువాత జోనథన్ మార్టిన్ అనే యువ ఆటగాడు జట్టును వదిలి వెళ్లిపోయాడు. 2014 ఫిబ్రవరి 14న వెలువడిన 144 పుటల నివేదిక, రిచీ ఇన్‌కాగ్నిటోతో పాటు మరి ఇద్దరు సహచరులు మార్టిన్‌ను నిరంతరం వేధించారని తేల్చింది. మరొక యువ ఆటగానినీ, జపాన్‌లో పుట్టిన ఒక సహాయ వైద్య శిక్షకునినీ కూడా వారు జాతి పేరుతో అవమానించారు. ఇన్‌కాగ్నిటో, మార్టిన్ వెయ్యికి పైగా సందేశాలు మార్చుకొన్నారు. వాటిలో బూతు ఉంది, స్నేహం ఉంది, కలిసి తిరిగిన విందులున్నాయి. అంతా జట్టులోని సహజమైన వేళాకోళమే అన్నది ఇన్‌కాగ్నిటో వాదం. అదే కాలంలో మార్టిన్ తన తల్లిదండ్రులకు రాసిన సందేశాలను పక్కన పెట్టి చదివితే ఆ వేళాకోళానికి వేరే అర్థం వస్తుంది. జట్టు గదిలోని బూతుహాస్యాన్ని అనుకరించే పేరడీలకు ఈ నివేదిక ఒక నిలువుటద్దం. నవ్వులో నవ్వు కలిపినవాడు నిజంగా నవ్వాడా లేదా అన్నది సందేశాన్ని చూసి చెప్పడం ఎంత కష్టమో అది చూపింది. పేరడీ సంవాదాలలో 'పాపం కొత్త ఆటగాడు' ఒక నిలువపాత్ర. పైన ఇచ్చిన నమూనాలోని వాడూ ఆ పాత్రే. మార్టిన్ సందేశాలు చదివిన తరువాత ఆ పాత్రను మునుపటి తేలికదనంతో రాయడం కుదరని పని.

రెండో నివేదిక విన్నంతనే నవ్వు తెప్పించేది. 2015 జనవరి 18న ఫాక్స్‌బరోలో పేట్రియట్స్ జట్టు ఇండియానాపోలిస్ కోల్ట్స్‌ను 45-7తో ఓడించింది. ఆ ఆటలో వారు వాడిన బంతులలో గాలి నిబంధన కన్నా తక్కువగా ఉందని ఫిర్యాదు. నియమం ప్రకారం చదరపు అంగుళానికి 12.5 నుంచి 13.5 పౌండ్ల ఒత్తిడి ఉండాలి. గాలి తగ్గితే బంతి చేతికి పట్టుబడుతుంది. చలిలో గాలి ఒత్తిడి తనంతట తానే తగ్గుతుందన్న భౌతికశాస్త్ర వాదమూ ఉంది. మే 6న వెలువడిన 243 పుటల నివేదిక, జట్టులోని ఇద్దరు చిన్న ఉద్యోగులు కావాలనే గాలి తీసి ఉండడానికే అవకాశం ఎక్కువని నిర్ణయించింది. వారిలో ఒకడు బంతులు సిద్ధం చేసే సహాయకుడు, మరొకడు రెఫరీల గది పరిచారకుడు. టామ్ బ్రేడీకి ఆ సంగతి స్థూలంగానైనా తెలిసి ఉంటుందని కూడా చెప్పింది.

ఆ ఇద్దరి సందేశాలే నివేదికకు ప్రాణం. పరిచారకుడు ఆటల కాలం రాకముందే, 2014 మేలో, తనను తాను 'గాలి తీసేవాడు' అని పిలుచుకొన్నాడు. బ్రేడీ మీద కోపం వచ్చినప్పుడు తరువాతి బంతిని బెలూను చేస్తానని బెదిరించాడు. సూది, కొత్త బూట్లు, డబ్బు ఆ మాటలలో మళ్లీ మళ్లీ వస్తాయి. పైవాని మీద సణుగుడు, తోటివానితో పరాచికం, చిన్న కానుకల ఆశ, వీటి కలయికలో జాక్ కీఫ్ ఉత్తరాల వాసన స్పష్టంగా తగులుతుంది. కల్పించి రాసినా ఇంత సహజంగా రాయడం కష్టం. దీనికి జట్టు న్యాయవాదులు మే 14న ఇచ్చిన సమాధానం మరొక మెట్టు పైకి పోయింది: 'గాలి తీసేవాడు' అన్నది ఆ ఉద్యోగి ఒళ్లు తగ్గించుకోవడానికి సంబంధించిన మాట అట. విచారణ నివేదికకు ప్రత్యుత్తరంగా, న్యాయభాషలో వచ్చిన వాక్యమిది. ఒక పేరడీకారుడు ఇదే రాసి ఉంటే అతిశయోక్తి అని కొట్టివేసేవారు.

బ్రేడీ ఫోను సంగతి వేరు. విచారణాధికారులను కలిసే రోజులలోనే ఆయన తన ఫోనును ధ్వంసం చేయించాడనీ, అంతకు ముందు నెలలలో దాని నుంచి వెళ్లినవీ దానికి వచ్చినవీ దాదాపు 10,000 సందేశాలనీ 2015 జులై 28న లీగ్ కమిషనరు ఇచ్చిన తీర్పులో ఉంది. పేరడీకారునికి ఇంతకన్నా గొప్ప ఆహ్వానం ఉండదు. ఉన్నాయని రుజువై, ఎవరూ ఎన్నటికీ చదవలేని పదివేల సందేశాలు. ఇంతలో మరొక తమాషా జరిగింది. ఆగస్టులో న్యాయస్థానంలో దాఖలైన కాగితాలతో పాటు బ్రేడీ ఈమెయిళ్లు కొన్ని బయటికి వచ్చాయి. వాటిలో కుట్ర జాడ లేదు. ఈతకొలనుకు కప్పవలసిన పరదా గురించిన ముచ్చట ఉంది. పేటన్ మానింగ్ కన్నా తాను ఇంకా ఎక్కువ ఏళ్లు ఆడతానన్న ధీమా ఉంది. అభిమానుల ఊహలోని బ్రేడీ కన్నా అసలు బ్రేడీ చాలా చప్పగా రాస్తాడు. ఆ చప్పదనాన్ని పట్టుకోవడమే మంచి పేరడీ అని చెప్పవచ్చు. అరుపులు, బూతులు, కుట్రలతో నింపినవి నాలుగు రోజులకు పాతబడిపోయాయి.

గుర్తు, గుర్తు లేమి

పరుల నోట మాట పెట్టడానికి హద్దు ఎక్కడ? అమెరికా చట్టం దీనికి 1988 ఫిబ్రవరి 24న ఒక సమాధానం చెప్పింది. మతప్రచారకుడు జెర్రీ ఫాల్వెల్ తన గురించి తానే జుగుప్సాకరమైన సంగతులు చెప్పుకొన్నట్టుగా 'హస్ట్లర్' పత్రిక 1983లో ఒక ఉత్తుత్తి ప్రకటన వేసింది. దాని అడుగున, ఇది పేరడీ అని చిన్న అక్షరాలలో ఉంది. నిజమని ఎవరూ నమ్మే వీలు లేని పేరడీకి, అది ఎంత నొప్పించినా, ప్రజాజీవితంలోని వ్యక్తి నష్టపరిహారం కోరలేడని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. 2022 అక్టోబరులో వ్యంగ్యపత్రిక 'ది అనియన్' ఇదే సుప్రీంకోర్టుకు మరొక కేసులో ఒక వాదపత్రం సమర్పించింది. ఇది పేరడీ అని ముందే చాటవలసి వస్తే పేరడీ చచ్చిపోతుందని దాని సారాంశం. వాదపత్రాన్నే పేరడీ ధోరణిలో రాయడం వారి పద్ధతి. కోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు.

ఫోను సందేశం విషయంలో రెండు వాదాలూ పూర్తిగా అతకవు. హస్ట్లర్ అడుగున ఉన్న చిన్న అక్షరాలు పుటను వదిలి పోలేవు. తెర పటం తన శీర్షికనూ, రాసినవాని పేరునూ వదిలి ఒంటరిగా ప్రయాణం చేస్తుంది. తెలుగులో దీనికి సరైన పోలిక చాటువు. శ్రీనాథుడు అన్నాడనీ, తెనాలి రామకృష్ణుడు అన్నాడనీ చెప్పుకొనే పద్యాలలో వారివి ఎన్నో, ఎవరో సరదాకు కట్టి వారి పేర తోసినవి ఎన్నో తేల్చడం వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి సంగ్రాహకులకే క్లిష్టమైంది. సందర్భం జారిపోయి, పద్యమూ పేరూ మిగులుతాయి. తేడా ఏమిటంటే, చాటువు శ్రీనాథుని చేరే నాటికి శ్రీనాథుడు లేడు. ఫోను చాటువు అదే రాత్రి శిక్షకుని ఇంటికి చేరుతుంది.

లాస్ వేగస్ రైడర్స్ జట్టు ఈ రెండు వైపులనూ ఏడాది తేడాలో చూసింది. 2021 అక్టోబరు 11న దాని శిక్షకుడు జాన్ గ్రుడెన్ రాజీనామా చేశాడు. వేరొక జట్టు మీద జరిగిన విచారణలో పరిశీలించిన ఆరున్నర లక్షల ఈమెయిళ్లలో, ఆయన ఏళ్ల క్రితం రాసిన జాత్యహంకార, స్త్రీద్వేష వాక్యాలు దొరికాయి. అవి నిజం. ఆయన స్థానంలో జాష్ మెక్‌డానియల్స్ వచ్చాడు. 2022 నవంబరులో ట్విట్టర్ ప్రామాణికతకు గుర్తయిన నీలి టిక్కును డబ్బుకు ఇవ్వడం మొదలుపెట్టగానే, ఫుట్‌బాల్ వార్తలకు పేరుపొందిన విలేఖరి ఆడమ్ షెఫ్టర్ పేర ఒక ఖాతా వెలసి, మెక్‌డానియల్స్‌ను తొలగించారని ప్రకటించింది. అది అబద్ధం. ఆ ఖాతా చిరునామా చివర 'కాదు' అనే అర్థమిచ్చే మాట ఉంది. టిక్కు చూసినవారు దానిని చూడలేదు. పేరడీ ఖాతాలు తమ పేరులోనే పేరడీ అని రాసుకోవాలన్న నియమం ఆ రోజులలోనే వచ్చింది. దాదాపు ఏడాదికి, 2023 అక్టోబరు ఆఖరి రాత్రి, రైడర్స్ మెక్‌డానియల్స్‌ను నిజంగానే తొలగించింది.

గాలి తీసిన కథలో చివరకు ఎవరికి ఏం జరిగిందన్నది కూడా ఇక్కడ చెప్పవలసి ఉంది. జట్టుకు పది లక్షల డాలర్ల జరిమానా, రెండు ఎంపిక హక్కుల కోత పడ్డాయి. బ్రేడీకి పడిన నాలుగు ఆటల నిషేధాన్ని న్యాయమూర్తి బెర్మన్ 2015 సెప్టెంబరు 3న కొట్టివేశాడు. 2016 ఏప్రిల్ 25న అప్పీలు న్యాయస్థానం 2-1తో దానిని తిరిగి నిలబెట్టింది. ఆ నాలుగు ఆటలు కూర్చొని వచ్చిన బ్రేడీ, 2017 ఫిబ్రవరి 5న అట్లాంటా మీద 34-28తో సూపర్ బౌల్ గెలిచాడు. విచారణకు వచ్చినప్పుడు చిత్రకారిణి గీసిన ఆయన బొమ్మ మీద లోకమంతా నవ్వుకొన్నా, ఆయనకు పోయింది లేదు. పరిహాసాలకు ఎదురు చెప్పడానికి ఆయనకు ప్రతి బుధవారం మైకులు సిద్ధంగా ఉండేవి. బంతుల సంచి మోసిన ఆ ఇద్దరు ఉద్యోగులను నివేదిక వచ్చిన రోజే జట్టు సస్పెండు చేసింది. పేరడీ సంవాదాలలో బ్రేడీ పాత్రకు పదివేల మాయమైన సందేశాల స్వేచ్ఛ ఉంది. ఆ ఇద్దరికి లేదు. వారు రాసుకొన్నవి రాసుకొన్నట్టే, తేదీలతో సహా, 243 పుటలలో అచ్చులో ఉన్నాయి.